గిండీ అడవి, పళ్ళికరణై చిత్తడి: చెన్నైలో పక్షుల్ని చూడాలనుకునే తెలుగువారికి

చెన్నైలో తరతరాలుగా ఉంటున్న మన కుటుంబాల్లో ఒక సంగతి గమనించవచ్చు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. అన్నం, కూర, వావివరసలు, పండుగలు అన్నీ తెలుగులోనే నడుస్తాయి. కానీ కిటికీ మీద వాలిన పిట్ట పేరు అడిగితే పిల్లలు ఇంగ్లీషులో చెబుతారు, లేదా బళ్ళో నేర్చుకున్న తమిళంలో చెబుతారు. కాకి, చిలుక, పావురం దాటితే తెలుగు పేరు రాదు. వాళ్ళ తాతమ్మలకు యాభై పిట్టల పేర్లు తెలుసు. ఈ రెండు తరాల మధ్య ఆ పేర్లు ఎక్కడో జారిపోయాయి.

ఆ పేర్లను తిరిగి పిల్లల నోటికి అందించడానికి ఖర్చులేని దారి ఒకటుంది. వాళ్ళను వెంటబెట్టుకుని పక్షులున్న చోటికి నడవడమే. మా సంఘం ఆదివారం నడకల కోసం తయారుచేసుకున్న వివరాలను ఇక్కడ ఒకచోట చేర్చాను. చెన్నైవారికి నేరుగా పనికొస్తుంది. మిగతా ఊళ్ళవారి కోసం చివర్లో కొన్ని చోట్ల పేర్లు ఇచ్చాను.

రెండు చోట్లు, రెండు రకాల పక్షులు

చెన్నై నగరం లోపలే అడవి ఉంది, చిత్తడి నేల కూడా ఉంది. అడవి గిండీలో, చిత్తడి పళ్ళికరణైలో. రెండింటి మధ్య దూరం పది కిలోమీటర్లకు లోపే. ఇంత పెద్ద నగరంలో ఈ రెండూ ఇంత దగ్గరగా మిగలడం అరుదు. చెట్ల మీద బతికే పక్షులు ఒకచోట, నీళ్ళలో బతికేవి మరోచోట కనిపిస్తాయి కాబట్టి ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి చూస్తే ఒక్కరోజులోనే ముప్పై నలభై రకాలు లెక్కకు వస్తాయి.

గిండీ అడవి

గిండీ జాతీయ ఉద్యానం విస్తీర్ణం సుమారు 2.7 చదరపు కిలోమీటర్లు. దేశంలోని చిన్న జాతీయ ఉద్యానాల్లో ఇదొకటి. ఇంగ్లీషువారి కాలంలో ఇది గవర్నరు విడిదికి చెందిన వేట అడవి. 1910లో రిజర్వు అడవిగా ప్రకటించారు. అప్పట్లో దాని విస్తీర్ణం ఇప్పటికి దాదాపు రెట్టింపు ఉండేది. స్వాతంత్ర్యం తర్వాత ఐఐటీకీ, నాయకుల స్మారక మండపాలకూ కొంత కొంత స్థలం పోగా మిగిలినదాన్ని 1978లో జాతీయ ఉద్యానం చేశారు. పక్కనే రాజ్‌భవన్, ఐఐటీ ఆవరణల్లో కూడా చెట్లు దట్టంగా ఉండడం వల్ల పక్షులకు ఈ మూడూ కలిసి ఒకే అడవి.

ఇది ఎత్తైన టేకు చెట్ల అడవి కాదు. కోరమండల్ తీరానికి ప్రత్యేకమైన, ఏడాది పొడవునా పచ్చగా ఉండే పొట్టి చెట్ల, ముళ్ళపొదల అడవి. ఒకప్పుడు నెల్లూరు నుంచి దక్షిణానికి సముద్రపు ఒడ్డు వెంట ఇలాంటి అడవి ఉండేది. ఇప్పుడు గుళ్ళ చుట్టూ, ఇలాంటి కంచెల వెనకా మాత్రమే మిగిలింది. కృష్ణజింకలు, చుక్కల దుప్పులు, నక్కలు కూడా ఇందులో ఉన్నాయి. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు అని పిల్లలకు చెప్పండి. సొంత రాష్ట్రం ఏదని అడిగితే తడబడే మన పిల్లలకు ఇలాంటి చిన్న లంకెలు గుర్తుంటాయి.

అడవి లోపలికి వెళ్ళాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. మామూలుగా వెళ్ళేవారికి అడవి అంచున ఉన్న పిల్లల పార్కు చాలు. మరమ్మతులు చేసి 2024లో మళ్ళీ తెరిచారు. దానిలోని నడకదారుల వెంట పెద్ద చెట్లున్నాయి, అవతల కంచె దాటితే అడవే. సబర్బన్ రైలుకీ, మెట్రోకీ గిండీ స్టేషన్ ఉంది. పార్కుకు వారంలో ఒకరోజు సెలవు ఉంటుంది కాబట్టి బయలుదేరే ముందు విచారించుకోండి.

గిండీలో కనిపించేవి

జెముడుకాకి: కాకి కంటే పెద్దది, నల్లటి ఒళ్ళు, ఇటుకరంగు రెక్కలు, ఎర్రటి కళ్ళు. పొదల కింద నేల మీద నడుస్తుంది. గొంతు కుండలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. తమిళంలో సెంబోత్తు. దీన్ని చూస్తే మంచి శకునమని మన పెద్దలు అంటారు.

పసులపోలిగాడు: నల్లగా, సన్నగా, చేప తోకలా చీలిన తోకతో తీగల మీద కూర్చుంటుంది. మేసే పశువుల వెంట తిరిగి, అవి లేపిన పురుగుల్ని పడుతుంది కాబట్టి ఆ పేరు. ఏట్రింత అని కూడా అంటారు. తన కంటే ఎన్నో రెట్లు పెద్దదైన గద్దను తరిమికొడుతుంది. తమిళంలో ఇరట్టైవాల్ కురువి, అంటే రెండు తోకల పిట్ట.

వడ్రంగిపిట్ట: వీపు మీద బంగారు రంగు, నెత్తిన ఎర్ర కుచ్చు. చెట్టు కాండాన్ని పట్టుకుని పైకి ఎగబాకుతుంది. తమిళంలో మరంగొత్తి అంటారు, తచ్చన్ కురువి అని కూడా ఉంది. తచ్చన్ అంటే వడ్రంగి. ఇరుగుపొరుగు భాషలు రెండూ ఒకే పనివాణ్ణి గుర్తుచేసుకున్నాయి.

కంసాలిపిట్ట: ఆకుపచ్చగా, అరచేతిలో పట్టేంత ఉంటుంది. నుదుటి మీద ఎరుపు. రావి, మర్రి పండ్ల కాలంలో ఆ చెట్టు చిటారున కూర్చుని, రేకు మీద సుత్తితో కొట్టినట్టు టక్, టక్, టక్ అని ఆగకుండా కూస్తుంది. కనిపించడం కష్టం, వినిపించడం సులువు.

వంగపండు: పసుపురంగు పిట్ట, కంటి మీదుగా నల్ల గీత. చలికాలంలో కనిపిస్తుంది. తమిళంలో మాంగుయిల్, మామిడి కోయిల.

పిగిలిపిట్ట: నెత్తి మీద నల్లటి కుచ్చు, తోక కింద ఎరుపు. మన ఇళ్ళ గడపల దగ్గరా, బాల్కనీ కుండీల్లోనూ గూడు కట్టేది ఇదే. దీనికి పొడుగాటి తెల్లటి రిబ్బను తోక తగిలించినట్టుండే మరో పిట్ట చలికాలంలో గిండీకి వస్తుంది. అది తోక పిగిలిపిట్ట. మగ పక్షి తోక ఒంటి కంటే పొడుగు. ఒకసారి చూసిన పిల్లవాడు దాన్ని మరచిపోడు.

పాపట గోరింక: మామూలు గోరింకకు చెల్లెలు. లేత గోధుమరంగు ఒళ్ళు, నెత్తిన నల్లటి జుట్టు వెనక్కి దువ్వినట్టు ఉంటుంది.

పాలపిట్ట: నేలకు దగ్గరగా తీగ మీద కూర్చున్నప్పుడు మట్టిరంగు, ఎగిరితే రెక్కల్లో నీలం మెరుస్తుంది. దసరానాడు చూడాలని మన ఆచారం. ఇప్పుడు తెలంగాణ రాష్ట్ర పక్షి. తమిళంలో పనంగాడై. తాటిచెట్టు తొర్రల్లో గూడు పెట్టేది కాబట్టి తాటిచెట్లు పోయినచోట ఇదీ పోయింది. నగరంలో తగ్గిపోయింది, ఊరి అంచుల్లో వెదకాలి.

ఇవి కాక తేనెపిట్టలు, ఆకుల్ని కుట్టి గూడు చేసే దర్జీపిట్టలు, రామచిలుకలు, కోయిలలు, తొర్రల్లో చిన్న గుడ్లగూబలు ఎప్పుడూ ఉంటాయి. గుంపుగా నేల మీద గెంతుతూ ఒకటే గోల చేసే బూడిదరంగు పిట్టలు కనిపిస్తే ఆగి చూడండి. ఏడెనిమిది కలిసి తిరుగుతాయి, ఒకటి ఎగిరితే వరసగా అన్నీ ఎగురుతాయి, ఒకదాని పిల్లల్ని మరొకటి మేపుతుంది. ఉమ్మడి కుటుంబం అంటే ఏమిటో ఫ్లాట్లలో పెరిగిన పిల్లలకు చూపించడానికి అంతకన్నా మంచి పాఠం లేదు.

పళ్ళికరణై చిత్తడి

వేళచ్చేరి దాటి తాంబరం వైపు వెళ్ళే రోడ్డుకు తూర్పున, పాత మహాబలిపురం రోడ్డుకు పడమర పరచుకుని ఉన్నదే పళ్ళికరణై. కొన్ని దశాబ్దాల కిందట ఇది 5,000 హెక్టార్లకు పైగా ఉండేదని చెబుతారు. మిగిలింది అందులో చిన్న భాగం. 2007లో కొంత భాగాన్ని రిజర్వు అడవిగా ప్రకటించారు. 2022లో సుమారు 1,247 హెక్టార్లకు రామ్‌సార్ గుర్తింపు వచ్చింది. రామ్‌సార్ అనేది ఇరాన్‌లో ఒక ఊరు. చిత్తడి నేలల్ని కాపాడాలని 1971లో దేశాలు అక్కడ ఒప్పందం చేసుకున్నాయి కాబట్టి, ప్రపంచస్థాయి విలువ ఉన్న చిత్తడి నేలల జాబితాకు ఆ పేరే నిలిచింది.

చిత్తడి నేల చేసే పని అర్థం కావాలంటే స్పాంజిని తలచుకోండి. దక్షిణ చెన్నైలోని పదుల చెరువులు నిండి పొర్లితే ఆ నీరు వచ్చేది ఇక్కడికే. ఇక్కడ పరచుకుని, కొంత భూమిలోకి ఇంకి, మిగిలింది ఒక్కియం మడువు అనే వాగు ద్వారా బకింగ్‌హామ్ కాలువలో కలిసి, కోవళం దగ్గర సముద్రానికి చేరుతుంది. ఈ బకింగ్‌హామ్ కాలువే ఉత్తరాన నెల్లూరు, ఒంగోలు మీదుగా కృష్ణా డెల్టా దాకా పోయేది. మన పెద్దలలో కొందరి తాతలు మద్రాసు చేరింది ఆ కాలువలో పడవల మీదే.

చిత్తడిలో ఒకవైపు నగరం చెత్త పోశారు. మధ్యనుంచి పెద్ద రోడ్డు వేశారు. చుట్టూ కార్యాలయాలు, ఆసుపత్రులు, బహుళ అంతస్తులు లేచాయి. 2015 డిసెంబరు వరదల్లో వేళచ్చేరి, పళ్ళికరణై వీధుల్లో నీళ్ళు నిలిచినప్పుడు అందరికీ ఒక సంగతి తెలిసివచ్చింది. నీరు తన చోటికే వచ్చింది. ఆ చోట్లో మనం ఇళ్ళు కట్టుకుని ఉన్నాం. ఆ ప్రాంతంలో మన తెలుగు కుటుంబాలూ చాలా ఉన్నాయి. కాబట్టి ఈ నేల మిగలడం, పోవడం అన్నది పక్షుల్ని చూసేవారి సరదాకు సంబంధించిన విషయంగా ఎవరూ తీసిపారేయకూడదు. అక్కడ కొంగ దిగుతోందంటే నీరు నిలవడానికి చోటు మిగిలి ఉందని అర్థం.

ఇక్కడ అటవీశాఖ ఏర్పాటు చేసిన పార్కులో నీటి పక్కన నడకదారి ఉంది. వీల్‌చైరులో ఉన్నవారినీ, నాలాంటి మోకాళ్ళ నొప్పులవారినీ తీసుకెళ్ళవచ్చు. రోడ్డు పక్కన నిలబడి చూసేవారు వాహనాల విషయంలో జాగ్రత్తగా ఉండాలి. పడమటి వైపు రోడ్డు నుంచి చూడాలంటే సాయంత్రం వెళ్ళండి. సూర్యుడు మీ వీపు వైపు ఉంటాడు, రంగులు స్పష్టంగా కనిపిస్తాయి. పొద్దున్నే అక్కడ నిలబడితే ఎదురుగా ఎండ, పక్షులన్నీ నల్లగా నీడల్లా కనిపిస్తాయి.

పళ్ళికరణైలో కనిపించేవి

గుడ్డికొంగ: ఒడ్డున మట్టిరంగులో కదలకుండా కూర్చుంటుంది. పక్కనే అడుగు వేసేదాకా లేవదు కాబట్టి కళ్ళు లేవేమో అనుకుని ఆ పేరు పెట్టారు. తమిళంలోనూ కురుట్టు కొక్కు, అదే అర్థం. నిజానికి దాని చూపు నుంచి చేప తప్పించుకోలేదు. ఎగరగానే ఒళ్ళంతా తెల్లగా మారిపోయినట్టుంటుంది. రెక్కలు తెలుపు, ముడిస్తే కనిపించవు.

నారాయణపక్షి: బూడిదరంగు, మనిషి నడుము దాకా వచ్చే ఎత్తు, మెడ చాచి ధ్యానంలో ఉన్నట్టు నిలబడుతుంది. తమిళంలో ఇలాంటి పెద్ద కొంగలకు నారై అని పేరు. వినడానికి రెండు పేర్లూ దగ్గరగా ఉంటాయి.

నత్తగుల్ల కొంగ: ముక్కు రెండు దవడల మధ్య సందు ఉంటుంది, పూర్తిగా మూతపడదు. నత్తల్ని పట్టి తినడానికి అనువైన ముక్కు అది. తమిళంలో నత్తైకుత్తి నారై. నత్త అనే మాట రెండు భాషలకూ ఉమ్మడి ఆస్తి.

ఎర్రకాళ్ళ కొంగ: తెల్లటి ఒళ్ళు, పసుపు ముక్కు, తోక దగ్గర గులాబీ రంగు ఈకలు. నీళ్ళలో ముక్కు సగం తెరిచి ముంచి, కాలితో బురదను కదుపుతూ చేపలు పడుతుంది.

గూడబాతు: మన కొల్లేటి పక్షి. ముక్కు కింద సంచి ఉంటుంది. తమిళంలో కూళైక్కడా. గుంపుగా వరసకట్టి చేపల్ని ఒకమూలకు తోలి పడతాయి. వల వేసే జాలర్ల పద్ధతే.

నీరుకాకి: నల్లగా, నీళ్ళలో మునిగి చేపలు పట్టి, తర్వాత రెక్కలు చాపి ఎండబెట్టుకుంటుంది. తమిళంలోనూ నీర్‌కాగం. మెడ పాములా పొడుగ్గా ఉండి, నీటి పైన మెడ మాత్రమే కనిపిస్తే అది వేరే పక్షి, దాన్ని తమిళులు పాంబుత్తారా అంటారు.

చింతవక్క: పగలు చెట్ల మీద ముడుచుకుని నిద్రపోతుంది. చీకటి పడగానే వక్, వక్ అని అరుస్తూ ఎగురుతుంది. తమిళంలో వక్కా. సాయంత్రం ఆరున్నరకు తల పైకెత్తి వింటే చాలు.

నీలి బొల్లికోడి: నీలం, ఊదా కలిసిన రంగు, నుదుటి మీద ఎర్రటి బిళ్ళ, పొడుగాటి ఎర్ర కాళ్ళు. జమ్ము మధ్య నడుస్తుంది, దుంపల్ని కాలితో పట్టుకుని కొరుక్కు తింటుంది. నుదుటి మీద తెల్ల బిళ్ళ ఉండి ఒళ్ళంతా నల్లగా ఉంటే అది బొల్లికోడి.

కంకణం: కొడవలిలా వంగిన ముక్కు. తమిళంలో అరివాళ్ మూక్కన్, అంటే కొడవలి ముక్కువాడు. తెల్లదానికి తల, మెడ నల్లగా ఉంటాయి. పళ్ళికరణైలో ఎండలో రాగిలా మెరిసే నల్లటి రకం గుంపులుగా దిగుతుంది.

తీతువు: నీటి ఒడ్డున నేల మీద తిరుగుతుంది, మనిషిని చూడగానే అరుస్తూ లేస్తుంది. మనవాళ్ళు దీని కూతను అపశకునం అన్నారు. తమిళులు ఆళ్‌కాట్టి, మనిషి ఉనికి చూపించేది అన్నారు. అది నేల మీదే గుడ్లు పెడుతుంది. ఆ అరుపు తన పిల్లల కోసం. పిల్లలకు ఈ సంగతి చెబితే అపశకునం భయం పోతుంది.

లకుముకిపిట్ట: నీలిరంగు రెక్కలు, తెల్లటి రొమ్ము, పెద్ద ఎర్ర ముక్కు. బుచ్చిగాడు అని కూడా పేరుంది. తమిళంలో మీన్‌కొత్తి. గిండీలోనూ, పళ్ళికరణైలోనూ రెండుచోట్లా ఉంటుంది.

చలికాలంలో ఉత్తర దేశాల నుంచి బాతులు, ఉల్లంకులు వస్తాయి. ఉల్లంకికి తమిళంలో ఉళ్ళాన్. సూది తోక బాతు, పలక ముక్కు బాతు హిమాలయాలకు అవతలి నుంచి వచ్చేవే. గరిటె ముక్కు కొంగలు, కొన్ని ఏళ్ళలో రాజహంసలు కూడా దిగుతాయి. తమిళంలో రాజహంస పూనారై, పువ్వులాంటి కొంగ.

ప్రపంచానికెక్కిన మన మాట

మన పక్షుల పేర్లలో గాడు అనే చివర చాలాచోట్ల వస్తుంది. గిజిగాడు, బుచ్చిగాడు, పోలిగాడు. పక్కింటి పిల్లవాణ్ణి పిలిచినట్టు పిలిచారు మన పెద్దలు. పనిని బట్టి వడ్రంగి, కంసాలి అన్నారు. ఈ పేర్లలో ఒక ఊరు మొత్తం ఉంది.

వీటిలో ఒక మాట మాత్రం దేశాలు దాటిపోయింది. అది పిట్ట. తొమ్మిది రంగుల పక్షి ఒకటి ఉంది. ఆకుపచ్చ వీపు, గోధుమరంగు రొమ్ము, పొట్ట కింద ఎరుపు, కంటి మీదుగా నల్ల పట్టీ, పొట్టి తోక. తెలుగులో పొన్నంగిపిట్ట అంటారు. ఫ్రెంచి శాస్త్రవేత్త వీయో 1816లో ఆ జాతికి శాస్త్రీయ నామం పెట్టినప్పుడు తీసుకున్నది తెలుగు మాట పిట్టనే. నేడు ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా దాకా ఆ కుటుంబానికి చెందిన పక్షుల్ని ఏ దేశం పుస్తకంలోనైనా పిట్ట అనే రాస్తారు. పందికొక్కు ఇంగ్లీషులో బాండికూట్ అయినట్టే ఇదీను.

ఆ పిట్ట మన గిండీకి వస్తుంది. హిమాలయాల పాదాల దగ్గరా, మధ్య భారతంలోనూ వేసవి గడిపి, అక్టోబరులో దక్షిణానికి వలస వస్తూ చెన్నై తోటల్లో దిగుతుంది. చెట్ల కింద ఎండుటాకులు కాలితో గీరుతూ పురుగులు వెదుక్కుంటుంది. ఉదయం, సాయంత్రం ఆరు ప్రాంతంలో రెండు స్వరాల ఈల వేస్తుంది కాబట్టి తమిళంలో ఆరుమణి కురువి అన్నారు. ప్రయాణంలో అలసి ఇళ్ళ అద్దాలకు కొట్టుకుని పడిపోతే కంగారుపడకండి. గాలి ఆడే అట్టపెట్టెలో చీకటిగా, నిశ్శబ్దంగా ఒకటి రెండు గంటలు ఉంచితే చాలావరకు తేరుకుంటుంది. నీళ్ళు నోట్లో పోయకూడదు. తేరుకోకపోతే అటవీశాఖకు తెలియజేయండి.

ఈ పేర్లు మనకు పుస్తకాల్లో మిగలడానికి ఒక డాక్టరు కారణం. టి.సి. జెర్డన్ అనే ఆంగ్లేయ సైనిక వైద్యుడు 1840లలో నెల్లూరులో పనిచేశాడు. 1862 నుంచి 1864 వరకు వెలువడిన భారతదేశపు పక్షుల పుస్తకంలో ఒక్కొక్క పక్షికి హిందుస్తానీ, తమిళం, తెలుగు పేర్లు సేకరించి రాశాడు. అవి వేటగాళ్ళు, వలలు పన్నేవాళ్ళు చెప్పిన పేర్లు. మన కడప, నెల్లూరు ప్రాంతాల కలివికోడికి ఇంగ్లీషులో ఆయన పేరే పెట్టారు. అది అంతరించిందనుకున్నారు. 1986లో కడప జిల్లా సిద్ధవటం దగ్గర మళ్ళీ దొరికింది. దొరకబట్టింది స్థానికుడే. కలివికోడి అన్న పేరు ఆ ఊళ్ళలో బతికి ఉండబట్టే శాస్త్రవేత్తలు దేన్ని వెదకాలో జనాన్ని అడగగలిగారు. ఒక పేరు బతికి ఉంటే ఏం జరుగుతుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

ఎప్పుడు వెళ్ళాలి, ఏం తీసుకెళ్ళాలి

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మనకు ఈశాన్య రుతుపవనాల వానలు. వలస పక్షులు అప్పుడే రావడం మొదలుపెడతాయి. డిసెంబరు నడిమి నుంచి మార్చి మొదటివారం దాకా మంచి కాలం. ఏప్రిల్, మే నెలల్లో చిత్తడి ఎండి పక్షులు తగ్గుతాయి. ఆ నెలల్లో గిండీ మేలు.

వేళ: ఉదయం 6 నుంచి 9 వరకు, సాయంత్రం 4 నుంచి చీకటి పడేదాకా. పార్కులు తెరిచే వేళను బట్టి సర్దుకోవాలి.

బైనాక్యులర్: మొదటి రెండు మూడు నడకలకు అవసరం లేదు. కొనాలనుకుంటే 8×42 అని రాసి ఉన్నది తీసుకోండి. 8 అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, 42 అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. అంతకంటే ఎక్కువ రెట్లు చూపించేవి చేతిలో వణుకుతాయి. కుటుంబానికి ఒకటి చాలు, వంతులవారీగా చూడవచ్చు.

బట్టలు: మట్టి, ఆకు రంగులు. తెలుపు, ఎరుపు వద్దు. టోపీ, నీళ్ళు, దోమలకు రాసుకునే మందు, ఒక నోటుపుస్తకం, పెన్సిలు ఉండాలి.

నోటుపుస్తకం ఎలా రాయాలి: తేదీ, వేళ, చోటు, పక్షి, ఎన్ని, ఏం చేస్తోంది. నలభై ఏళ్ళు ఆఫీసులో రిజిస్టరు రాసినవాడిగా చెబుతున్నాను, అదే రోజు రాయని పద్దుకు విలువ లేదు. పేరు తెలియకపోతే ముక్కు ఆకారం, కాళ్ళ రంగు, తోక, పరిమాణం రాసుకోండి. పరిమాణానికి పిచ్చుక, గోరింక, కాకి, గద్ద అనే నాలుగు కొలతలు చాలు. గోరింక కంటే పెద్దది, కాకి కంటే చిన్నది అని రాస్తే సగం పని అయినట్టే.

ఫోనులో ఈబర్డ్, మెర్లిన్ అనే యాప్‌లు ఉచితంగా దొరుకుతాయి. మెర్లిన్ కూత విని పేరు సూచిస్తుంది. ఈబర్డ్‌లో మీరు చూసిన జాబితా చేర్చవచ్చు. ఏటా సంక్రాంతి నాలుగు రోజులూ తమిళనాడు అంతటా పొంగల్ పక్షుల లెక్కింపు జరుగుతుంది. 2015లో మొదలైంది. ఎవరైనా పాల్గొనవచ్చు. పావుగంట నిలబడి కనిపించినవన్నీ లెక్కపెట్టి పంపితే చాలు. ముగ్గులు వేసిన తర్వాత ఇంటిల్లిపాదీ మేడ మీదికి ఎక్కి చేయదగ్గ పని.

పాటించవలసినవి

గూడు దగ్గరికి వెళ్ళవద్దు, ఫోటో కోసం కొమ్మలు వంచవద్దు. పక్షుల కూతల రికార్డింగు పెట్టి పిలవవద్దు. అది శత్రువు వచ్చాడనుకుని ఆ పక్షి మేత మానేసి తిరుగుతుంది. తినుబండారాలు వేయవద్దు. ప్లాస్టిక్ తెచ్చినవారే తిరిగి తీసుకెళ్ళాలి. గిండీలో దుప్పులు ప్లాస్టిక్ సంచులు మింగే ప్రమాదం ఎప్పుడూ ఉంది.

ఇంకొక మాట. రామచిలుకను పంజరంలో పెంచడం, జినువాయిలను పట్టి అమ్మడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. మన ఇళ్ళలో చిలుకను ముద్దుగా పెంచే అలవాటు ఉండేది. పెద్దలకు ఇది నెమ్మదిగా చెప్పాలి. చిలుక ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి కూడా.

ఒకరోజు ప్రయాణంలో

వేడందాంగల్: చెన్నైకి సుమారు 80 కిలోమీటర్లు. చెరువులో మునిగిన చెట్ల మీద వేల పక్షులు గూళ్ళు పెడతాయి. పక్షుల రెట్టలు కలిసిన నీరు పొలాలకు ఎరువని తెలిసి, అక్కడి రైతులు 18వ శతాబ్దం నుంచీ వాటిని కాపాడుకుంటున్నారు. వేటగాళ్ళను ఆపమని కంపెనీ కలెక్టరు దగ్గరికి వెళ్ళి ఉత్తర్వులు తెచ్చుకున్నారు.

పులికాట్, నేలపట్టు: చెన్నై నుంచి సూళ్ళూరుపేటకు లోకల్ రైలుంది. అక్కడి నుంచి శ్రీహరికోట రోడ్డు ప్రళయకావేరి సరస్సు మధ్యగా పోతుంది. ప్రళయకావేరి అన్నది పులికాట్‌కు మన పేరు. రోడ్డుకు రెండువైపులా రాజహంసలు. సూళ్ళూరుపేటకు ఉత్తరాన ఇరవై కిలోమీటర్ల దూరంలో నేలపట్టు, నీళ్ళలో పెరిగే కడప చెట్ల మీద గూడబాతుల గూళ్ళు. పిల్లలకు ఆ ఊళ్ళలో అందరూ తెలుగు మాట్లాడడం కూడా ఒక అనుభవమే.

మిగతా రాష్ట్రాల మనవారికి

కర్ణాటక: శ్రీరంగపట్నం దగ్గర రంగనతిట్టు, మండ్య జిల్లాలో కొక్కరెబెళ్ళూరు. కొక్కరెబెళ్ళూరులో గూడబాతుల్ని పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు.

ఒడిశా: చిలికా అంచున మంగళాజోడి. ఒకప్పుడు పక్షుల్ని వేటాడినవారే ఇప్పుడు కాపలాదారులు, పడవ నడిపి చూపించేవారు. బరంపురం వారికి శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం కూడా అందుబాటులోదే.

మహారాష్ట్ర: ముంబైవారికి ఠాణే క్రీక్, షోలాపూర్, పుణేవారికి ఉజని జలాశయం ఒడ్డున భిగ్వణ్. రెండుచోట్లా రాజహంసలే ఆకర్షణ.

యానాం: ఊరికి దగ్గరలోనే కోరింగ మడ అడవి. 1978 నుంచి అభయారణ్యం. మడచెట్ల మధ్యగా చెక్కల వంతెన మీద నడవవచ్చు. చేపలు పట్టే బావురుపిల్లికి అది పేరుపొందిన చోటు.

ఇంటివద్ద చేయవలసింది

ఏ ఊరివారైనా ఒక పని చేయాలని కోరుతున్నాను. ఇంట్లో డెబ్బై దాటిన పెద్దలుంటే, పైన రాసిన పక్షుల బొమ్మలు ఫోనులో ఒక్కొక్కటే చూపించి, చిన్నప్పుడు దీన్ని ఏమనేవారని అడగండి. వారు చెప్పిన పేరు, వారి పూర్వీకుల ఊరు రెండూ రాసిపెట్టండి. ఇక్కడ నేను ఇచ్చిన పేరుకు, మీ ఇంట్లో చెప్పిన పేరుకు తేడా ఉంటే మీ ఇంటి పేరునే రాయండి. సేలం తెలుగు, హోసూరు తెలుగు, షోలాపూర్ పద్మశాలీల తెలుగు, బరంపురం తెలుగు ఒక్కటి కావు. ఏ ఇంట్లో ఏ మాట దాగి ఉందో తెలియదు. రెండు మూడు వందల ఏళ్ళ కిందట బయలుదేరి వచ్చినప్పుడు మన పెద్దలు వెంట తెచ్చుకున్న మాటలు అవి, ఆంధ్రదేశంలో మరుగునపడినవి కూడా మన దగ్గర మిగిలి ఉండవచ్చు.

అడగడంలో ఆలస్యం చేయకండి. చిత్తడి పోతే పక్షి వేరేచోటు వెదుక్కుంటుంది. పేరు తెలిసిన చివరి మనిషి పోతే ఆ పేరుకు వెళ్ళే చోటు లేదు. రాసిన జాబితాను మీ ఊరి సంఘానికి ఇవ్వండి, ఒక నకలు మీ ఇంట్లో ఉంచండి. తర్వాతి ఆదివారం అదే కాగితం చేతపట్టుకుని పిల్లల్ని నడకకు తీసుకెళ్ళండి.